స్కానులో కనిపించిన సున్నపు చుక్క

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది కవిటి దగ్గర పల్లె. ఆరేళ్ళుగా రణస్థలంలో అద్దెకు ఉంటున్నాం. మా వారికి 44 ఏళ్ళు. పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలో పని. వారానికోసారి షిఫ్టు మారుతుంది. రాత్రి షిఫ్టు ఉన్న వారం పగలు రెండు మూడు గంటలకు మించి నిద్రపోరు. తలనొప్పి ఎక్కువైందని శ్రీకాకుళంలో తలకు స్కాన్ తీయించాం. పీనియల్ గ్రంథిలో కాల్షియం పేరుకుందని రిపోర్టులో రాశారు. అక్కడి డాక్టరు "ఏమీ కాదు" అని పంపేశారు. ఆయనతో పనిచేసే ఒకరు మాత్రం అది మూడో కన్ను అనీ, పేస్టులో ఉండే ఫ్లోరైడ్ వల్ల రాయిగా మారిందనీ, నిద్ర పట్టనిది అందుకేననీ చెప్పారు. రాయిని కరిగించే పొడి అంటూ మూడు నెలలకు సరిపడా 6,800 రూపాయలకు ఇచ్చారు. ఇంకా మొదలుపెట్టలేదు. మా మామగారు కిడ్నీ జబ్బుతో డయాలిసిస్ మీద ఉన్నారు. అందుకే ఏ మందన్నా మాకు భయం. తలలో రాయి అంటే ఇంకా భయం. ఆ గ్రంథి ఏమిటి? పాడైతే ఏమవుతుంది?
— ఒక సోదరి, రణస్థలం

సమాధానం:

అమ్మా,

పొడి డబ్బా మూత తీయకముందే ఉత్తరం రాసి చాలా మంచి పని చేశారు. డబ్బాను అలాగే పక్కన పెట్టండి. దాని సంగతి చివర్లో చెబుతాను.

మీ వారి తలలో రాయి లేదు. ఉన్నది ఇసుక రేణువుల్లాంటి సున్నం. నాకు అరవై దాటాయి, నా తలకు స్కాన్ తీస్తే నాకూ అదే కనిపించవచ్చు. పీనియల్ గ్రంథి వయసుతో పాటు తనలో కాల్షియం పోగుచేసుకుంటుంది. వైద్యులు దీన్ని మెదడు ఇసుక అంటారు. పెద్దవాళ్ళలో చాలామందికి ఇది ఉంటుంది, వాళ్ళలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. సీటీ స్కాన్ రాని రోజుల్లో, అంటే 1970లకు ముందు, తల లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి మామూలు ఎక్స్‌రే మీదే ఎక్కువగా ఆధారపడేవారు. ఎక్స్‌రేలో మెదడు కనిపించదు, ఈ సున్నపు చుక్క మాత్రం కనిపిస్తుంది. అది తలకు సరిగ్గా నడిమధ్య ఉండాలి. ఒక పక్కకు జరిగి ఉంటే, రెండో పక్క నుంచి గడ్డో గడ్డకట్టిన రక్తమో దాన్ని నెడుతోందని పసిగట్టేవారు. మీరు చూసి భయపడుతున్న ఆ చుక్క అన్ని దశాబ్దాల పాటు వైద్యులకు దారి చూపింది.

అక్కడి డాక్టరు చెప్పింది నిజమే. అయితే ఎందుకు ఏమీ కాదో ఇంకో రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే, మీకు ఈ దిగులు, ఆ 6,800 రూపాయలు రెండూ మిగిలేవి. వైద్యులుగా మేము తరచూ చేసే తప్పు ఇది. ఆ లోటు నేను కొంతైనా తీర్చాలని ఈ జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

పట్టించుకోవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి, అవీ తెలుసుకోండి. ఆ సున్నం ఒక సెంటీమీటరు కంటే పెద్దదిగా ఉన్నా, అయిదారేళ్ళ లోపు పిల్లల్లో కనిపించినా ఇంకా లోతుగా పరీక్ష చేయాలి. ఉదయం లేస్తూనే తలనొప్పితో పాటు వాంతులు, ఒకటి రెండుగా కనిపించడం, కళ్ళు పైకెత్తి చూడలేకపోవడం, నడకలో తూలడం, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా మెదడు, నరాల వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి. ఈ గ్రంథిలో గడ్డలు చాలా అరుదు. వస్తే పక్కనే మెదడులోని నీరు పారే దారిని నొక్కేస్తాయి, చూపును పైకి తిప్పే నరాలను నొక్కేస్తాయి, అందుకే ఆ లక్షణాలు. మీ ఉత్తరంలో అలాంటిది ఒక్కటీ లేదు.

ఇక ఆ గ్రంథి ఏమిటంటారా. పరిమాణం కందిగింజకు కాస్త అటూ ఇటూ, బరువు గ్రాములో పదో వంతు కంటే కొంచెం ఎక్కువ. మెదడు రెండు భాగాల నడుమ, లోతుగా, వెనక వైపుకు ఉంటుంది. పైన్ చెట్టు కాయలా ఉంటుందని దానికి ఆ పేరు పెట్టారు. మనకు పైన్ చెట్లు లేకపోయినా, కవిటి తీరం వెంట సరుగుడు తోటల కింద రాలిన కాయలు మీరు చూసే ఉంటారు. ఇంచుమించు ఆ ఆకారమే.

చీకటి పడిందన్న కబురును ఒళ్ళంతటికీ చేరవేయడం దాని ముఖ్యమైన పని. పల్లెల్లో పెద్దలు నిర్ణయం చేసేవారు, డప్పు పట్టినవాడు వీధి వీధికీ తిరిగి దాన్ని చాటేవాడు. పీనియల్ గ్రంథిది ఆ చాటింపు ఉద్యోగం. నిర్ణయం చేసే పెద్ద వేరే ఉంది. రెండు కళ్ళ నుంచి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటే చోటుకు కాస్త పైన, సుమారు 20,000 కణాల చిన్న గుంపు ఒకటి ఉంది. శరీరపు గడియారం అదే. అది "రాత్రయింది" అంటే పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. "తెల్లవారింది" అంటే ఆపేస్తుంది. మనం మామూలుగా పడుకునే వేళకు ఓ రెండు గంటల ముందు మెలటోనిన్ పెరగడం మొదలై, రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య బాగా ఎక్కువై, తెల్లవారేసరికి తగ్గిపోతుంది.

గడియారం నుంచి గ్రంథికి ఈ కబురు వెళ్ళే దారి మాత్రం నన్ను విద్యార్థిగా ఉన్నప్పుడు ఆశ్చర్యపరిచింది, ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తూనే ఉంది. రెండూ తలలోనే, కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. అయినా కబురు తిన్నగా వెళ్ళదు. మెదడులోంచి వెన్నుపాములోకి దిగి, ఛాతీ పైభాగం దాకా వచ్చి, అక్కడి నుంచి మెడలోని ఒక నరాల ముడికి ఎక్కి, మళ్ళీ తలలోకి వెళ్ళి గ్రంథిని చేరుతుంది. సోంపేట నుంచి పలాస వెళ్ళడానికి విజయనగరం దాకా వచ్చి వెనక్కు తిరిగినట్టు. మెడ దగ్గర వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నవాళ్ళలో గ్రంథి చక్కగా ఉన్నా రాత్రి మెలటోనిన్ పెరగదు, దారి మధ్యలో తెగింది కాబట్టి. గ్రంథి ఎంత బాగున్నా కబురు సరిగ్గా అందకపోతే దానికి చేయడానికేమీ లేదు. మీ వారి విషయంలోనూ చూడవలసింది అందుతున్న కబురునే. ఆయన దారి తెగలేదు, తప్పుడు కబుర్లు అందుతున్నాయి.

మెలటోనిన్‌ను నిద్ర మందు అనుకోవద్దు. రాత్రంతా ఇల్లు కలియతిరిగే ఎలుకకు కూడా అది రాత్రే పెరుగుతుంది. దానికి ఆ కబురు "లేచి తిరుగు" అని, మనకు "పడుకో" అని. మీది కవిటి ప్రాంతం కనుక ఒక్కటి గుర్తు చేస్తాను, నొచ్చుకోవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. చీకటికి ఏ లోటూ లేదు. కొబ్బరి చెట్లు, జీడితోటలు నేలకూలి ఉంటే ఆ చీకట్లో ఎంతమందికి కన్ను మూతపడింది? చీకటి నిద్రకు తలుపు తీస్తుంది, అంతే. లోపలికి వెళ్ళడానికి మనసు కుదుటపడాలి, ఒళ్ళు అలిసి ఉండాలి.

ఈ కబురు జంతువులకు ఋతువుల లెక్క కూడా చెబుతుంది. శ్రీకాకుళంలో జూన్ రాత్రికీ డిసెంబరు రాత్రికీ తేడా రెండు గంటలకు కాస్త పైన. మనం దాన్ని పెద్దగా గమనించం. గేదె గమనిస్తుంది. వేసవిలో సరిగా ఎదకు రాని గేదెలు చలికాలానికి ఎదకు రావడం పాడి ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలిసిన విషయం. వేసవి వేడి, మేత కొరత ఒక కారణం. రాత్రులు పొడుగై మెలటోనిన్ ఎక్కువసేపు ఉండటం ఇంకో కారణం.

కంటిలో మనకు బొమ్మ చూపించే కణాలు కాక, వెలుగు ఎంత ఉందో మాత్రమే కొలిచి గడియారానికి చెప్పే కణాలు కొన్ని ఉన్నాయి. ఇవి ఉన్నాయని గట్టిగా తేలింది 2002 ప్రాంతంలోనే. కాంతిలోని నీలి భాగం వీటిని ఎక్కువగా కదిలిస్తుంది. తెల్లటి ఎల్‌ఈడీ దీపాల్లోనూ, ఫోను తెరలోనూ ఆ భాగం ఉంటుంది. రాత్రిపూట బలమైన వెలుగు చూపిస్తే మనిషి మెలటోనిన్ పడిపోతుందని 1980లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ లూయీ బృందం నిరూపించింది. మామూలు గది వెలుగు కూడా కొంతవరకు తగ్గిస్తుందని తర్వాతి పరీక్షల్లో తేలింది.

ఇప్పుడు మీ వారి రాత్రి చూడండి. రాత్రి రెండు గంటలకు, మెలటోనిన్ నిండుగా ఉండవలసిన వేళ, ఫ్యాక్టరీలో పట్టపగల్లా దీపాలు. ఉదయం ఆరు దాటాక గేటు బయటికి వస్తే ఎదురుగా తూర్పు సూర్యుడు. బయటి పగటి వెలుగు ఇంట్లో దీపం వెలుగు కంటే ఎన్నో పదుల రెట్లు, మంచి ఎండలో వందల రెట్లు ఎక్కువ. అది కంట్లో పడగానే గడియారం "తెల్లవారింది, లే" అని తీర్పు చెప్పేస్తుంది. ఆ తీర్పు విన్న ఒంటిని ఏడున్నరకు మంచం మీద పడుకోబెడితే ఎలా నిద్రపోతుంది? పైగా రేకుల ఇల్లో, పై అంతస్తో అయితే వేడి, వీధి చప్పుడు, వంటింటి చప్పుడు. వారం తిరిగేసరికి గడియారం ఇంకా సర్దుకోకముందే షిఫ్టు మారిపోతుంది. ఆ రెండు మూడు గంటల నిద్రకు గ్రంథిలోని సున్నంతో పని లేదు. సున్నం ఎక్కువ ఉన్నవాళ్ళలో మెలటోనిన్ కొంత తక్కువ ఉండవచ్చని కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి, కానీ మిగిలిన కణాలు పని చేస్తూనే ఉంటాయి. గడ్డ కోసం ఆ గ్రంథినే తీసేయవలసి వచ్చినవాళ్ళు కూడా బతికి, తమ పనులు తాము చేసుకుంటున్నారు.

కనుక ఖర్చు పెట్టవలసింది కిటికీ మీద. రాత్రి షిఫ్టు వారం ఆయన పడుకునే గదిలో అరచేయి చూసుకుంటే గీతలు కనిపించనంత చీకటి ఉండాలి. పాత ముదురు రంగు దుప్పటి రెండు మడతలు వేసి కిటికీకి బిగించి కట్టండి. తలుపు కింద సందులో గుడ్డ పెట్టండి. అదీ కుదరకపోతే మెత్తటి నల్ల గుడ్డ కళ్ళ మీద కట్టుకోమనండి. గది వేడెక్కుతుంటే గాలి ఆడాలి కాబట్టి, అన్నిటికన్నా చల్లగా ఉండే గది ఆయనకు ఇవ్వండి, అది వంటింటి పక్క గది కాకుండా చూడండి. చుట్టుపక్కల వాళ్ళకు ఒక మాట చెప్పండి. రాత్రి పదకొండుకు వచ్చి మన తలుపు ఎవరూ తట్టరు కదా, ఆయనకు ఉదయం పదకొండు అలాంటి వేళ. నేను కొత్తగా వైద్యం మొదలుపెట్టిన రోజుల్లో వరసగా రాత్రి డ్యూటీలు చేసినప్పుడు ఈ మాట ఇంట్లో చెప్పడానికి మొహమాటపడి చాలా నష్టపోయాను.

షిఫ్టులో మొదటి సగం వెలుగులో పని చేయడం మంచిదే, మెలకువగా ఉంచుతుంది. తెల్లవారుజామున మూడు తర్వాత టీ మానేయాలి. టీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. కంపెనీ బస్సులో వస్తుంటే దారిలో నల్ల కళ్ళద్దాలు, టోపీ పెట్టుకోమనండి, సూర్యుడి వైపు కాని సీటులో కూర్చోమనండి. మోటారు సైకిల్ మీద వస్తుంటే ఈ కళ్ళద్దాల సలహా పాటించవద్దు. నిద్ర కళ్ళతో, నల్ల అద్దాలతో, లారీలు తిరిగే జాతీయ రహదారి మీద రావడం ప్రమాదం. బయలుదేరే ముందు ఇరవై నిమిషాలు కునుకు తీసి రమ్మనండి, ఇంకా మంచిది ఎవరైనా నడిపే బండిలో రావడం. ఇంటికి రాగానే కడుపునిండా భోజనం కాకుండా చోడి అంబలి లాంటిది తాగి, ఫోను పక్క గదిలో పెట్టి, వెంటనే పడుకోవాలి. రాత్రి షిఫ్టు మొదలయ్యే రోజు సాయంత్రం ముందుగానే ఓ గంటన్నర నిద్రపోతే ఆ మొదటి రాత్రి తేలికవుతుంది.

పగటి షిఫ్టుల వారాల్లో దీనికి పూర్తిగా తిరగేసి చేయాలి. ఉదయపు ఎండలో అరగంట ఆరుబయట ఉండాలి. అరసవల్లిలో ఏటా మార్చిలో, అక్టోబరులో ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకే వేళ కోసం మనం ఎదురుచూస్తాం. ఒంటిలోని గడియారం ఆ కిరణాల కోసం రోజూ ఎదురుచూస్తుంది.

షిఫ్టులు మారే వరస గురించి సూపర్‌వైజరును అడగమనండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, ఈ వరసలో మారితే ఒంటికి సులువు, తిరగేసి మారితే కష్టం. మన లోపలి గడియారం సగటున 24 గంటల కంటే పది నిమిషాలు ఎక్కువ తిరుగుతుంది, అందుకే ముందుగా పడుకోవడం కంటే ఆలస్యంగా పడుకోవడం దానికి తేలిక. ఇది చిన్న కోరిక కాదని నాకు తెలుసు, అయినా నలుగురు కలిసి అడిగితే వినే యాజమాన్యాలు ఉంటాయి. ఏళ్ళ తరబడి రాత్రి పని క్యాన్సర్‌కు దారి తీయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో ప్రకటించి, 2019లో మళ్ళీ అదే మాట చెప్పింది. భయపెట్టడానికి కాదు, అడిగే హక్కు ఆయనకు ఉందని చెప్పడానికి రాస్తున్నాను.

మూడో కన్ను మాట పూర్తిగా గాలి కబురు కాదు, కాకపోతే అది మన తలది కాదు. కంచె మీద తల ఊపే తొండ నడినెత్తిన చిన్న చుక్క ఉంటుంది. చర్మం కింద అది నిజంగా వెలుగును పసిగట్టే కన్నే, పీనియల్ గ్రంథికి తోబుట్టువు. మన గ్రంథికి ఆ శక్తి లేదు, అది తల లోతులో చీకట్లో కూర్చుని కళ్ళ ద్వారా వచ్చే కబురు కోసం చూస్తుంది. బొట్టు పెట్టుకునే చోట కూడా లేదు. మెదడులో మిగతావన్నీ జంటలుగా ఉంటే ఇది ఒక్కటే ఉంది కాబట్టి ఆత్మ ఇక్కడే ఉంటుందని 17వ శతాబ్దంలో ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ కూడా అనుకున్నాడు. ధ్యానం చేసుకోవడం మంచిది, దానికి ఏ పొడీ అక్కర్లేదు.

ఫ్లోరైడ్ గురించి. ఎముకల్లో, పళ్ళలో చేరినట్టే ఈ గ్రంథిలోని కాల్షియంలోనూ ఫ్లోరైడ్ చేరుతుంది, అంతవరకు నిజం. కానీ మెదడు ఇసుకను శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు 18వ శతాబ్దంలోనే వర్ణించారు. ఫ్లోరైడ్ పేస్టులు అంగళ్ళకు వచ్చింది 20వ శతాబ్దం నడుమ. పేస్టు మానేస్తే నష్టపోయేది పళ్ళు.

మెలటోనిన్ మాత్రలు వేసుకోవచ్చా అని మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు సలహా ఇస్తారు కాబట్టి చెబుతున్నాను. 1958లో ఆరన్ లెర్నర్ అనే అమెరికా చర్మవైద్యుడు పశువుల పీనియల్ గ్రంథుల నుంచి ఈ హార్మోనును వేరు చేశాడు. ఆయన వెతికింది నిద్ర కోసం కాదు, కప్ప చర్మాన్ని తెల్లబరిచే పదార్థం కోసం. ఇప్పుడు మాత్రగా దొరుకుతుంది, షిఫ్టు పని చేసేవాళ్ళలో కొందరికి పగటి నిద్ర కొద్దిగా పెంచుతుంది. వేళ తప్పి వేసుకుంటే గడియారాన్ని ఇంకా పక్కకు నెడుతుంది. కెనడాలో అమ్మే మెలటోనిన్ మందులను 2017లో పరీక్షిస్తే, చీటీ మీద రాసినదాని కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ ఉన్నవీ, దానికన్నా చాలా తక్కువ ఉన్నవీ కనిపించాయి. రక్తం పలచబడే మందులు, మూర్ఛ మందులు వాడేవాళ్ళు సొంతంగా అసలు ముట్టకూడదు. మీ వారు ముందు నెల రోజులు చీకటి గది ప్రయత్నించాలి. అది సరిపోకపోతే డాక్టరును అడిగి ఆలోచించవచ్చు.

తలనొప్పి చాలావరకు నిద్రలేమిదే కావచ్చు. అయినా బీపీ చూపించండి, కళ్ళు పరీక్ష చేయించండి. నిద్రలో గట్టిగా గురక పెడుతూ ఊపిరి ఆగినట్టవుతోందా గమనించండి, అది వేరే జబ్బు, దానికి వేరే వైద్యం ఉంది. నొప్పి మాత్రలు మాత్రం సొంతంగా కొని వేసుకోనివ్వద్దు. ఉద్దానంలో ఇన్ని కుటుంబాలను కుదిపేసిన కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. నొప్పి మాత్రలు విచ్చలవిడిగా వాడితే కిడ్నీ దెబ్బతింటుందని మాత్రం ఏ సందేహం లేకుండా తెలుసు. మీ మామగారిని చూస్తూ ఆ మాట నేను మీకు చెప్పనక్కర్లేదు.

అందుకే ఆ పొడి మీ ఇంట్లో ఉండకూడదు. గ్రంథిలోని సున్నాన్ని కరిగించే మందు ఏ వైద్యంలోనూ ఇంతవరకు నిరూపణ కాలేదు, కరిగించవలసిన అవసరమూ లేదు. దానిలో ఏ లోహం కలిసి ఉందో, ఏ ఆకు ఉందో, అది కిడ్నీకి ఏం చేస్తుందో రాసి లేని పొడిని ఎవరూ మింగకూడదు. తండ్రికి కిడ్నీ జబ్బు ఉన్న మనిషి అసలే మింగకూడదు. మూత తీయలేదు కాబట్టి తిరిగి ఇచ్చి డబ్బు అడగండి. ఇచ్చిన వ్యక్తి బహుశా తనూ నమ్మే ఇచ్చి ఉంటారు, గొడవ పడవద్దు, ఈ జవాబు చూపించండి. వచ్చిన డబ్బులో కొంత పెట్టి మీ వారికి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష, మూత్ర పరీక్ష చేయించండి, ఉద్దానం వాళ్ళు ఏడాదికోసారి చేయించుకోవడం ఎలాగూ మంచిది.

రాత్రి షిఫ్టు వచ్చే వారం, కిటికీకి దుప్పటి కట్టాక, ఆయన ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు అన్నది గోడ మీది క్యాలెండరులో రాసి పెట్టండి. నెల తర్వాత ఆ లెక్క, రక్త పరీక్ష చీటీ నాకు పంపితే మళ్ళీ మాట్లాడుకుందాం.